మొదటి వాన సముద్రానిది

మా ద్రాజిన దీవి జనానికి ఒక జబ్బుంది. పక్కవాడు పనిచేస్తుంటే గంటలకొద్దీ నిలబడి చూస్తారు. అదే పక్కవాడు ఊరికే కూర్చుని తమను చూస్తుంటే మాత్రం ఒంటిమీద జెర్రులు పాకినట్టు విలవిల్లాడిపోతారు. అందుకే వింకా పియాత్సా మూల మడత కుర్చీ వేసుకుని మూడు వారాలు కదలకుండా కూర్చున్నప్పుడు ఊళ్ళో ఎవరికీ కాఫీ సయించలేదు.

పియాత్సా, అంటే ఊరి నడిమి చౌకు, మా ఊరికి నట్టిల్లు. పైన చర్చి మెట్లు, కింద పడవల రేవు, అటు కాఫీ కొట్టు, ఇటు రొట్టెల దుకాణం, నడుమ యాభై ఏళ్ళనాటి తారు. పెళ్ళి ఊరేగింపులు, శవయాత్రలు, ఎన్నికల తిట్లు, పిల్లల బంతాట అన్నీ ఆ తారు మీదే. వేసవిలో అది పెనంలా కాగుతుంది, చలికాలం వానల్లో మడుగు కడుతుంది. దాన్ని తీసేసి కొత్తగా కట్టే పనికి పోటీ పెడితే, అది వింకా చేతికి వచ్చింది. పుట్టింది మా ఊళ్ళోనే అయినా, ఇరవై నాలుగేళ్ళుగా అవతలి గట్టు పట్నం స్ప్లిట్‌లో ఒక ఆఫీసులో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుగా పనిచేస్తున్న మనిషి. ఆ పేరు మా వాళ్ళకు నోరు తిరగక చెట్లమ్మాయి అనేవారు. ఆ చెట్లమ్మాయికి యాభై రెండేళ్ళు.

ఇరవై నాలుగేళ్ళలో ఆమె గీసినవన్నీ సూపర్‌మార్కెట్ల ముందు కార్లు ఆపుకునే స్థలాలు, రోడ్ల కూడళ్ళలో పూలపాదులు. వింకా గీసిన చోట కార్లు ఆగేవి గాని మనుషులు ఆగేవారు కారు. మనుషులు నిలబడి ఊపిరి పీల్చుకునే చోటు ఒక్కటైనా గీసి చనిపోవాలని ఆమెకు ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పియాత్సా పోటీలో తన పేరు వచ్చిందని ఫోను వచ్చిన రోజు మాత్రం స్నానాల గదిలో తలుపు వేసుకుని ఏడ్చింది.

మూడో వారం మేయరు ప్రోస్పెర్ ఓర్పు చచ్చిపోయింది. చిన్నప్పుడు వింకా పక్క బల్లలో కూర్చుని లెక్కలు చూసి రాసినవాడు.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"చూస్తున్నా."

"చూసి చూసి మా ముసలాళ్ళు నువ్వు పన్నుల ఆఫీసు మనిషివని అనుకుంటున్నారు. గీయవే బాబూ, గీయి!"

"ఇప్పుడు చూడకపోతే కట్టేశాక చూసి ఏడవాలి ప్రోస్పెరూ. నీ నీడ నా కాగితం మీద పడుతోంది, కాస్త జరుగు."

ఆ కాగితాల్లో ఊరి గుట్టంతా ఉంది. ముసలివాళ్ళు తొమ్మిదింటికి రొట్టెల దుకాణం గోడకు ఆనుకుంటారు, పదకొండుకు చర్చి నీడలోకి మారతారు, నాలుగింటికి రేవు వైపు చేరతారు. ఉత్తరపు గాలి బూరా వీచే రోజున ఊళ్ళో ఒక్క మూలే వెచ్చగా ఉంటుంది, అక్కడ పగవాళ్ళు కూడా పక్కపక్కన నిలబడతారు. పిల్లల బంతి ఎటు తన్నినా చివరికి రేవు దగ్గరి ఒక పల్లానికే దొర్లుతుంది. ఎవరు ఎటు నడుస్తారో, ఎక్కడ ఆగి పలకరించుకుంటారో, ఎవరిని చూసి ఎవరు దారి మార్చుకుంటారో అంతా చుక్కలూ గీతలుగా రాసుకుంది. ఒకరోజు పొద్దున వాన పడి వెలిశాక సుద్దముక్క పట్టుకుని తారు మీద నిలిచిన మడుగుల చుట్టూ గీతలు గీయసాగింది.

అప్పుడొచ్చింది పాల్మత్త. ఎనభై ఒకటో ఏడు. నల్ల గౌను, నల్ల రుమాలు, చేతికర్ర, దానికంటే గట్టి నోరు. కర్రతో సుద్దగీతను పొడిచింది.

"నీళ్ళెక్కడ నిలబడ్డాయో గీస్తున్నావు. బానే ఉంది. వాటికి ఎక్కడికి పోవాలనుందో అడిగావా?"

"ఎక్కడికి పోతాయి అత్తా? సముద్రంలోకే."

"సముద్రంలోకా! నీ కాళ్ళ కింద ఏముందో తెలీకుండానే స్ప్లిట్‌లో అన్నేళ్ళు చదివావా పిల్లా?"

కాళ్ళ కింద ఉన్నది వానబావి. రాళ్ళ మీద పడిన వానను పట్టి దాచుకునే నేలగది. నాలుగు వందల ఏళ్ళు మా ఊరు ఆ నీళ్ళే తాగింది. దానికి కాపలా పాల్మత్త ఇంటివాళ్ళది. ఆమె పెళ్ళైన కొన్నేళ్ళకు సముద్రం అడుగున గొట్టం వేసి అవతలి గట్టు నుంచి నీళ్ళు తెచ్చారు. ఆ సంబరంలో పాత రాళ్ళ మీద తారు పోసేశారు. వింకాకు నడక వచ్చేసరికే పియాత్సా నల్లగా ఉంది. ఆ బావి సంగతి ఆమె విననైనా వినలేదు.

రేవు దగ్గరి ఒక ఇనుప మూత తాళంచెవి పాల్మత్త మెడలో సిలువతో పాటు వేలాడుతోంది. మూత ఎత్తడానికి నలుగురు మనుషులూ ఒక పూటా పట్టింది. వింకా నిచ్చెన వేసుకుని, చేతిలో లైటుతో దిగింది.

దిగి, లైటు ఎత్తి, అలాగే నిలబడిపోయింది. పైన చర్చి ఎంతుందో కింద అంత ఉంది. రెండు వరసల స్తంభాలు, వాటి మీద కమానులు, గోడలకు నున్నగా పూసిన సున్నం. ఎక్కడా ఒక పగులు లేదు. ఆమె మెల్లగా ఊపిరి వదిలితే ఆ ఊపిరి గది చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. కంప్యూటరు లేని, కాగితమైనా సరిగా లేని మనుషులు, పైన రాళ్ళను ఎలా పేర్చితే ప్రతి చినుకూ దారి తప్పకుండా ఇక్కడికి వస్తుందో లెక్కకట్టి చేశారు. దాని నెత్తిన తాను చిన్నప్పుడు తాడాట ఆడింది. వింకా ఒక్కో స్తంభాన్నీ చేత్తో తడుముతూ గది చివరిదాకా నడిచింది. చాలాసేపు పైకి రాలేదు. పైనుంచి పాల్మత్త, "బతికే ఉన్నావా?" అని అరిచింది.

ఆ సాయంత్రం కాఫీ బిల్లు వెనక ఒకే ఒక గీత గీసింది. లోతు తక్కువ పళ్ళెం లాంటి గీత. పియాత్సా అంతా ఒక పళ్ళెం. పైనుంచీ పక్కలనుంచీ మెల్లగా వాలి, రేవుకు కాస్త ఇవతల, బావి నోటి దగ్గర కలిసే పళ్ళెం. తక్కిన నాలుగేళ్ళ పనంతా ఆ గీతను రాయిగా మార్చడమే.

అదెంత పనో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాతో సహా. ముందు ఆమె మట్టితో ఒక నమూనా చేసి పురపాలక హాల్లో బల్ల మీద పెట్టింది. ఊరంతా వచ్చింది. కాఫీ కొట్టువాడు తన కుర్చీలు ఎన్ని పడతాయో లెక్కపెట్టుకున్నాడు. శవపేటిక మోసేవాళ్ళు మెట్ల దగ్గర మలుపు చాలదన్నారు. ఆ మాట నిజమని ఆమె వెంటనే మలుపు వెడల్పు చేసింది. పెళ్ళిలో బాకా ఊదేవాళ్ళు ఎక్కడ నిలబడాలని ఒకరు, బంతి సముద్రంలో పడకుండా ఏం చేస్తావని ఇంకొకరు. అన్నిటికంటే గట్టిగా అరిచినవాడు మేయరే.

"నడిమధ్య చెట్టు లేని పియాత్సా ఏమిటే? నెత్తిన ఎండ కొడితే జనం నిన్ను తిట్టరు, నన్ను తిడతారు!"

"నడిమధ్య చెట్టు పెడితే దాని వేళ్ళు బావి కప్పును చీలుస్తాయి. పడమటి అంచున అయిదు కొస్తెలా చెట్లు పెడతా. నాలుగింటికి నీడ ముసలాళ్ళ బల్లల మీదికి సరిగ్గా వస్తుంది."

"ఎప్పటికి?"

"ఇరవై ఏళ్ళకి."

"అప్పటికి నేనుంటానో లేదో!"

"నువ్వు లేకపోయినా నీడ ఉంటుందిలే."

హాలంతా గొల్లుమంది. కాని ఆమె వేళాకోళం ఆడలేదు. ఇంకా నాటని చెట్లకు, ఇరవై ఏళ్ళ తర్వాతి జూలై నెలలో, గంట గంటకూ నీడ ఎక్కడ పడుతుందో నిజంగానే గీసింది. ఆ కాగితాన్ని నేను చూశాను. పుట్టని కొమ్మల నీడ కింద చిన్న చిన్న మనుషుల్ని కూడా కూర్చోబెట్టింది.

నాలుగుసార్లు మార్చి గీశాక ఊరు ఒప్పుకుంది. డబ్బిచ్చే సంఘం మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అవతలి గట్టు నుంచి వచ్చిన ఇంజనీర్లు వానబావి పేరు వింటేనే మొహం చిట్లించారు. వాన దాని నోట్లోకి పోకపోతే దుకాణాలు మునుగుతాయని వాళ్ళ భయం. చివరికి ఒక షరతు పెట్టారు. పని పూర్తయ్యే ఏడాది అక్టోబరు పదిహేను లోపల వాననీరు బావిలోకి దిగుతున్నట్టు కనబడాలి. లేకపోతే రాళ్ళు లేపి, బావిని కాంక్రీటుతో నింపేసి, నీళ్ళను గొట్టంలో సముద్రానికి పంపేస్తారు. వింకా సంతకం పెట్టింది.

రాళ్ళు పరచడానికి పక్క దీవి నుంచి కుజ్మా మేస్త్రి వచ్చాడు. అరవై ఏడేళ్ళు, సుత్తి పట్టీ పట్టీ వంకరపోయిన వేళ్ళు. వింకా చేతికిచ్చిన నక్షా విప్పి చూశాడు. దాని నిండా చుక్కలు, చుక్క చుక్కకూ ఒక అంకె, ఆ చోట రాయి ఎంత ఎత్తులో ఉండాలో. మొత్తం నాలుగు వందల పన్నెండు.

"ఇదేంటమ్మాయీ, ఫోను నంబర్లా?"

"ఎత్తులు మేస్త్రీ. మీటరుకు వేలి మందం వాలు. ఎక్కువైతే చేతికర్ర ముసలాళ్ళు జారిపోతారు. తక్కువైతే నీళ్ళు నిలబడిపోతాయి."

"ఈ అంకెలన్నీ రాయికి చదివి వినిపించమంటావా?"

"రాయికొద్దు. మీరు వింటే చాలు."

మొదట రెండు మీటర్ల ముక్క పరిచి చూపించాడు. వింకా గ్లాసుతో నీళ్ళు పోసింది. నీళ్ళు మూడు రాళ్ళు దాటి ఆగిపోయాయి. ఇద్దరూ వంగి చూశారు. మేస్త్రి ఆ ముక్కంతా పీకేసి మళ్ళీ పరిచాడు. అలా అయిదుసార్లు. ఆరోసారి నీళ్ళు ఆగకుండా, తొందరపడకుండా జారుకుంటూ పోయాయి. ఆ రోజు నుంచి ఆయన ఆమెను అమ్మాయీ అనడం మానేసి వింకమ్మా అన్నాడు. ఆమె కూడా పొద్దున్నే తాళ్ళు పట్టుకుని ఆయన వెంట మోకాళ్ళ మీద పాకేది. రెండు చలికాలాలు, రెండు వేసవులు అలా గడిచాయి. చెట్లు నాటారు, బొటనవేలంత లావున్న కొమ్మలు. బల్లలు బూరా తగలని మూలల్లో పెట్టారు. బావి నోటిని రాతిలో మూడు చీలికలుగా మలిచి, లోపల కంకర పొర వేశారు. బావి నిండిపోతే మిగిలిన నీరు రేవు అంచు మీదుగా సముద్రంలోకి పొర్లిపోయే దారీ పెట్టారు.

ఆగస్టు మొదటి వారానికి పని పూర్తయింది. తెల్లటి రాయి, ఎక్కడా ఎగుడు దిగుడు లేదు. చూసినవాళ్ళు చదునుగా ఉందనే అనుకున్నారు. వాలు ఉందని చెప్పినా నమ్మలేదు. నీళ్ళు పోసి పరీక్షిద్దామంటే వేసవిలో గొట్టం నీళ్ళు చాలక మా దీవికి పడవ మీద నీళ్ళు తెస్తారు. రాళ్ళు తడపడానికి నీళ్ళు వాడితే ఊరు ఊరుకోదు. వాన కోసం ఆగాల్సిందే.

ఇక్కడే మా ఊరు ఒక తప్పు చేసింది. ఏటా ఆగస్టు చివరి శనివారం పియాత్సాలో జాలరి పండగ. ఆరు వందల కిలోల సార్డీను చేపలు నిప్పుల మీద కాలుస్తారు, ద్రాక్షసారా తాగుతారు, తెల్లవార్లూ పాడతారు. కొత్త రాళ్ళ మీద చేస్తే ఎంత అందంగా ఉంటుందో అని అందరికీ ఒకటే ఉత్సాహం. చేపలు చిటపటలాడుతూ నూనె కార్చాయి. కుజ్మా మేస్త్రి పాట అందుకున్నాడు. వింకా కూడా పదకొండు చేపలు తిని, మేయరుతో కలిసి చిందేసింది. నాలుగేళ్ళ తర్వాత తన రాళ్ళ మీద మనుషులు ఆగి, కూర్చుని, నవ్వుతుంటే చూసి ఆమె కడుపు నిండిపోయింది. పాల్మత్తకు ఆ వారం జ్వరం. ఆమె రాలేదు.

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన సంఘంవాళ్ళు తుది తనిఖీకి వస్తున్నారు. అదే రోజు వాన అని వాతావరణ శాఖ చెప్పింది, తొంభై రెండు రోజుల తర్వాత మొదటి వాన. మేయరు సంతోషానికి పట్టపగ్గాల్లేవు. బావి లోపల ఒక మైకు వేలాడదీయించి, పియాత్సా నాలుగు మూలలా లౌడ్‌స్పీకర్లు పెట్టించాడు. నీళ్ళు దిగే చప్పుడు ఊరంతా వినాలట.

ఆ పొద్దున మబ్బు పట్టింది. పాల్మత్త పియాత్సాకు వచ్చి, నడుం పట్టుకుని వంగి, బొటనవేలితో రాయిని గట్టిగా రుద్ది, ఆ వేలు తెచ్చి వింకా ముక్కు కింద పెట్టింది.

"ఏం వాసన?"

వింకా వాసన చూసింది. "సార్డీన్లు."

"రాయి నెలరోజులుగా ఆ నూనె తాగి కూర్చుంది. ఇప్పుడు వానొచ్చి దాన్నంతా కడుగుతుంది. కడిగి ఎక్కడ పోస్తుంది?"

"కంకర వేశాను కదా అత్తా, వడకడుతుంది..."

"కంకర ఆకుల్ని ఆపుతుందే. నూనెనాపుతుందా? మొదటి వాన సముద్రానిది పిల్లా. పండగైనా కాకపోయినా, వేసవి దుమ్మంతా దానిదే. రెండో వానే మనది. మా నాన్న మొదటి చినుకు పడగానే బావి నోరు మూసేసేవాడు. నువ్వు నోరు గీశావు, మూత గీయలేదు."

వింకా నాలుగు వందల పన్నెండు ఎత్తులు రాసింది. ఇరవై ఏళ్ళ తర్వాతి నీడలు గీసింది. మూత గీయలేదు.

"నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న జబ్బుపడి ఆ పని నాకప్పగించాడు," అంది పాల్మత్త, రేవు వైపు చూస్తూ. "దాహం. చినుకు చూడగానే ఆగలేకపోయా. మూయలేదు. ఆ ఏడు నీళ్ళన్నీ కంపు. చలికాలమంతా ఊరు పడవల్లో నీళ్ళు మోసుకుంది. ఆ ఏడాదంతా చర్చిలో మా పక్కన ఎవరూ కూర్చోలేదే."

వింకా పరుగున మేయరు దగ్గరికి వెళ్ళింది. సంఘంవాళ్ళు అప్పుడే పడవ దిగుతున్నారు.

"ప్రోస్పెరూ, ఈ వాన లోపలికి పోకూడదు!"

"పోకూడదా? నీకేమైనా మతిపోయిందా? పోవడం చూడ్డానికే కదా వాళ్ళొచ్చింది!"

"రాళ్ళలో చేపనూనె ఉంది. బావి గోడల సున్నానికి పట్టిందంటే మన జీవితంలో వదలదు."

"ఇవాళ పోకపోతే పదిహేనో తారీకుకి కాంక్రీటు పోస్తారు! అప్పుడేం వాసన చూస్తావే? నోరు మూసుకుని నిలబడు!"

చినుకు పడింది. ఒకటి, పది, తర్వాత ఒక్కసారిగా కుండపోత.

వింకా మేయరు మాట వినడం మానేసింది. నీళ్ళు కదులుతున్నాయి. చర్చి మెట్ల దగ్గర పలచగా పొర కట్టి, దిగి, కాఫీ కొట్టు గుమ్మం ముందు ఆగుతాయేమో అనుకున్న చోట ఆగకుండా పక్కకు తిరిగాయి. రొట్టెల దుకాణం వైపునుంచి ఇంకో పొర వచ్చింది. రెండూ కలిసి, చప్పుడు చేయకుండా, ఒక్క మడుగైనా కట్టకుండా, ఎవరో చెయ్యిపట్టుకుని నడిపిస్తున్నట్టు బావి నోటి వైపు సాగాయి. చదునుగా ఉందనుకున్న నేల మొత్తం ఒక్క వైపుకు కదిలింది. ఆమె కాగితం మీద వేసిన ప్రతి బాణం గుర్తునూ నీళ్ళు చదువుకుని వస్తున్నట్టే ఉంది. పక్కన కుజ్మా మేస్త్రి టోపీ తీసి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. వాన ఆయన బట్టతల మీద దంచుతోంది. ఆ ఇద్దరికీ తప్ప అక్కడ ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. వింకా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఇంత అందాన్ని తాను చేసిందంటే తనకే నమ్మకం కలగలేదు.

ఇంకో నాలుగు బారలు వస్తే నీళ్ళు నోట్లో పడతాయి. నాలుగేళ్ళూ ఆ నాలుగు బారల కోసమే.

ఆమె ఒంటిమీది కోటు విప్పి పరిగెత్తింది. మొదటి చీలికలో దాన్ని కుక్కి, పైన కూర్చుండిపోయింది. "మేస్త్రీ! ఇసక బస్తాలు!" అని కేక పెట్టింది. మేస్త్రి ఎందుకని అడగలేదు. తడి బస్తాలు లాక్కొచ్చి మిగిలిన రెండు చీలికల్లో పెట్టి తొక్కసాగాడు. మేయరు పెట్టించిన మైకు తన పని తాను చక్కగా చేసింది.

"ఇంకా గట్టిగా కుక్కు మేస్త్రీ! ఇటు కారుతోంది!" అని నాలుగు మూలల నుంచీ ఊరంతా దద్దరిల్లింది. "నీ ఎడంకాలు నా చేతిమీదుందమ్మా!" అని మేస్త్రి గొంతు.

గొడుగుల కింద జనం నోరెళ్ళబెట్టారు. నీళ్ళు నోటిదాకా వచ్చి, దారి లేక, రేవు అంచు మీదుగా పొర్లి సముద్రంలో పడ్డాయి. నీటి మీద ఇంద్రధనస్సు రంగుల్లో సన్నటి నూనె తెర రేవంతా పరుచుకుంది. బావిలోకి చుక్క పోలేదు.

సంఘం పెద్దావిడ పడవ ఎక్కేముందు వింకా చెప్పినదంతా ఓపిగ్గా విన్నది. "మీరు చెప్పింది నిజమే కావచ్చమ్మా. మేం మాత్రం చూసిందే రాస్తాం. నీళ్ళు లోపలికి వెళ్ళలేదు. పదిహేను దాకా గడువుంది, ఈలోగా దిగితే వీడియో తీసి పంపండి."

మేయరు ఆ తర్వాత వింకాతో మాట్లాడలేదు. కాఫీ కొట్టులో, "నా చేతులతో నేనే పిచ్చిదానికి ఊరప్పగించా," అన్నాడట. కుజ్మా మేస్త్రి మాత్రం ఊరు వదిలి వెళ్ళలేదు. ఎవరూ అడగకుండానే చీలికలకు మూతలుగా మూడు రాతి బిరడాలు చెక్కడం మొదలుపెట్టాడు. పాల్మత్త మళ్ళీ రాయిని రుద్ది వాసన చూసి, నూనె పోయిందని తల ఊపింది. వింకా బావి నోటినుంచి బస్తాలు తీసి, కంకర మార్చి, ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

ఆకాశం మాట వినలేదు. అక్టోబరు ఒకటి, ఎండ. అయిదు, ఎండ. తొమ్మిదిన బూరా వీచి ఉన్న నాలుగు మబ్బుల్నీ ఊడ్చేసింది. పన్నెండున కాంక్రీటు కలిపే లారీ పెద్ద పడవ దిగి రేవు పక్కన నిలబడింది. దాన్ని చూసిన రోజు వింకా బావి నోటి పక్కనే కూర్చుండిపోయింది. మొదటి వానను లోపలికి పోనిచ్చి ఉంటే బావి కంపు కొట్టినా మిగిలేదని, ఎప్పటికో ఒకప్పటికి కడుక్కునేవాళ్ళమని ఆమెకు అనిపించింది. ఆ మాట పాల్మత్తతో అంటే ముసలామె, "నేను కడిగాను. ఏడేళ్ళు పట్టింది," అంది.

పద్నాలుగో తారీకు తెల్లవారుతుండగా గాలి తిరిగింది. దక్షిణం నుంచి వెచ్చగా, బరువుగా వీచింది. వింకా బూట్లు తొడుక్కుని పియాత్సాకు వచ్చేసరికి రాళ్ళ మీద పెద్ద పెద్ద చినుకులు పడుతున్నాయి. ఎవరూ లేరు. బావి నోరు తెరిచే ఉంది. ఆమె దాని పక్కన నిలబడింది. నీళ్ళు పైనుంచి మళ్ళీ అలాగే, పలచగా, నింపాదిగా నడిచి వచ్చాయి. చీలికల దగ్గర ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి, లోపలికి దిగాయి.

ముందు సన్నటి చప్పుడు. ఇంతలో లౌడ్‌స్పీకర్లు గరగరమన్నాయి. పురపాలక భవనంలో ఎవరో మీట నొక్కారు. అంతే, నాలుగు వందల ఏళ్ళ కమానుల కింద నీళ్ళు పడుతున్న చప్పుడు ఊరంతా నిండిపోయింది. కిటికీలు తెరుచుకున్నాయి. రాత్రి బట్టలమీదే జనం బయటికి వచ్చారు. కాఫీ కొట్టువాడు సంఘానికి పంపడానికి ఫోను ఎత్తి వీడియో తీయసాగాడు. రొట్టెలవాడు పిండి చేతులతోనే నిలబడ్డాడు. నేను మా గుమ్మంలో ఉన్నాను. నా జన్మలో అంత పెద్ద చప్పుడు అంత నెమ్మదిగా వినలేదు.

మేయరు గొడుగు పట్టుకుని, పైజామా మీద నల్ల బూట్లు తొడుక్కుని, మెట్లు దిగి పరుగున వచ్చాడు. మీట నొక్కింది అతనే. పియాత్సా అంచు మీద కాలు పెట్టబోతుండగా వెనకనుంచి పాల్మత్త గొంతు కత్తిలా వచ్చింది.

"బూట్లు!"

యాభై ఆరేళ్ళ మేయరు స్కూలు పిల్లాడిలా ఆగిపోయాడు.

"ఊరు తాగే నీళ్ళు నడుస్తుంటే బూట్లతో తొక్కుతావా? మీ అమ్మ ఇదే నేర్పిందా?"

అతను గొడుగు పక్కన పడేసి, వంగి, బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పాడు. అతని వెనక వచ్చిన వాళ్ళూ ఒక్కొక్కరే విప్పసాగారు. జోళ్ళు, బూట్లు, రబ్బరు చెప్పులు అంచు పొడుగునా వరస కట్టాయి. ఆ వరస ఎక్కడ ఉండాలో వింకా ఏ కాగితం మీదా గీయలేదు. మేయరు ఉత్తకాళ్ళతో బావి నోటి దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి దిగుతున్న నీళ్ళలో చెయ్యి పెట్టాడు.

"వింకా," అన్నాడు.

పాల్మత్త ఆమె వైపు తిరిగింది. "నువ్వేంటే, గీసినదానివని నీకు మినహాయింపా?"

వింకా తన కాళ్ళ వైపు చూసుకుంది. నీళ్ళ మధ్యలో బూట్లతో నిలబడి ఉంది. గబగబా అంచుకు వెళ్ళి, మేయరు బూట్ల పక్కన తన బూట్లు విప్పి పెట్టింది. తిరిగి రాళ్ళ మీద అరికాలు మోపింది. నీళ్ళు మడమను తాకి, వేళ్ళ సందుల్లోంచి ముందుకు పోయాయి. మీటరుకు వేలి మందం. నాలుగేళ్ళుగా అంకెల్లోనే ఎరిగిన ఆ వాలు మొదటిసారి కాళ్ళకు తెలిసింది. ఆమె ఒక్కో అడుగే వేస్తూ, నీళ్ళ వెంట నడుచుకుంటూ వచ్చి, పాల్మత్త పక్కన నిలబడింది.